‘ఇతరములు’ కోసం ఆదోని దాకా

ఆదోని వెళ్ళడానికి జనానికి మంచి మంచి కారణాలు ఉంటాయి. కొందరు పత్తి కొనడానికి వెళ్తారు, కొందరు బంగారం చేయించుకోవడానికి వెళ్తారు, ఓపిక ఉన్నవాళ్ళు కొండెక్కి కోట చూడటానికి వెళ్తారు. నేను మాత్రం ఒకామె దొంగలెక్కలు రాసిందని తేల్చడానికి వెళ్ళాను.

నేను హైదరాబాదులో ఒక సర్వే సంస్థలో పని చేస్తాను. నా పని ప్రశ్నలు రాయడం. ఇరవై ఏళ్ళుగా సబ్బుల గురించి, మరుగుదొడ్ల గురించి, ఓట్ల గురించి, పిల్లలకు వేసే చుక్కల మందు గురించి ప్రశ్నలు రాస్తున్నాను. ఈ ఏడాది పేదరికం వంతు వచ్చింది. అందులో పద్నాలుగో ప్రశ్న పూర్తిగా నాదే. ‘మీ కుటుంబం పేదరికంలో ఉండటానికి ప్రధాన కారణం ఏమిటి? ఒక్కదానికి మాత్రమే టిక్కు పెట్టండి.’ దాని కింద ఐదు గడులు. చదువు లేకపోవడం, దురలవాట్లు, ఎక్కువమంది పిల్లలు, పనిలో నైపుణ్యం లేకపోవడం, ఇతరములు. ఏసీ గదిలో కూర్చుని, పొద్దుటి టీకీ పదకొండు గంటల టీకీ మధ్య, దేశంలో పేదరికం ఎందుకుందో తేల్చేశాను. ఐదో గడి మర్యాద కోసం పెట్టింది. దాని పక్కన వివరాలు రాయడానికి ఒక చిన్న గీత కూడా గీశాను. దాంట్లో ఎవరి వివరమూ పట్టదని నాకు తెలుసు.

ఆదోని, ఎమ్మిగనూరు వైపు నుంచి కాగితాల కట్ట వచ్చింది. అందులో, అక్కడ మా తరఫున ఇళ్ళు తిరిగే షంషాద్ అనే ఆమె నింపిన ప్రతి కాగితంలోనూ టిక్కు ఐదో గడిలోనే ఉంది. గీత మీద ప్రతిదాంట్లోనూ ఒకటే ముక్క, ‘విడిగా ఉంది’ అని.

“ఇంట్లో కూర్చుని నింపేసింది,” అన్నారు మా డైరెక్టరుగారు. “మీరు వెళ్ళి నాలుగిళ్ళు తిరగండి. ఆమె రాలేదని వాళ్ళ చేత రాయించుకుని రండి. జాబితాలోంచి పేరు తీసేద్దాం.”

అందుకోసం సంస్థ పేరు అచ్చువేసి, కింద ముద్ర కొట్టిన తెల్లకాగితాలు నాలుగు ఇచ్చారు. నన్నే ఎందుకు పంపారంటే, మిగతా వాళ్ళంతా పేదరికం మీద సదస్సుకని గోవా వెళ్ళారు.

నవంబరు చివర్లో ఒక మంగళవారం పొద్దున ఐదున్నరకు కర్నూలు బస్సెక్కాను. పదింటికి కర్నూలు చేరాను. బస్టాండులో ఇడ్లీ తిన్నాను. ఇడ్లీ గురించి చెప్పడానికేమీ లేదు, చట్నీ గురించి చెప్పకపోవడమే మంచిది. పదిన్నరకు ఎమ్మిగనూరు బస్సు దొరికింది. వెళ్ళేవాళ్ళకు ఒక మాట చెప్తున్నాను, ఆ బస్సులో ఎడమవైపు కూర్చోకండి, మధ్యాహ్నం దాకా ఎండ మీదే. నేను ఎడమవైపే కూర్చున్నాను.

పక్క సీటులో ఒక పెద్దాయన. తెల్ల పంచె, చేతిగడియారం, ఒళ్ళో స్వీటు డబ్బా. ఉద్యోగం నుంచి రిటైరై పదేళ్ళయిందట. ఎక్కడికని అడిగితే పని చెప్పాను. చెప్పి ఉండకూడదు.

“పేదరికానికి కారణం ఒగటే మేడమ్. అన్నీ ఊరికే ఇస్తాండారు. బియ్యం ఊరికే, బస్సు ఊరికే. ఇంగ పని ఎవరు చేస్తారు?”

కండక్టరు వచ్చాడు. ఆ రాష్ట్రం కార్డున్న ఆడవాళ్ళకు బస్సు ఉచితం. నా కార్డుకు ఆ యోగం లేదు కాబట్టి డబ్బిచ్చి టికెట్టు తీసుకున్నాను. పెద్దాయన వృద్ధుల రాయితీ కార్డు తీసి చూపించాడు. తర్వాత తన పింఛను ఆ నెల రెండు రోజులు ఆలస్యంగా పడిందని, ఇట్లయితే మనిషి ఎట్లా బతకాలని కోడుమూరు వచ్చేదాకా బాధపడ్డాడు. దిగే ముందు స్వీటు డబ్బా తెరిచి నాకొక మైసూరుపాకు పెట్టాడు. ఊరికే వచ్చింది కాబట్టి తిన్నాను.

రోడ్డుకు రెండు వైపులా పత్తి చేలు కనిపించాయి. కొన్నిట్లో పత్తి విచ్చుకుని ఉంది, కొన్నిట్లో వానకు తడిసి నల్లబడి, కాయలు కాయల్లాగే వేలాడుతున్నాయి. రావలసినప్పుడు రాని వాన రాకూడనప్పుడు వచ్చిందని వెనక సీటులో ఎవరో చెప్పుకుంటున్నారు.

ఎమ్మిగనూరులో దిగేసరికి పావు తక్కువ ఒంటిగంట. బస్టాండుకు దగ్గర్లో ఒక మెస్సులో జొన్నరొట్టె, పప్పు, చెనిక్కాయల పొడి, అంటే మన పల్లీల పొడి, పెట్టారు. ఈ మూడూ తినడానికయినా అక్కడికి వెళ్ళొచ్చు. తిన్న తర్వాత నా పట్టీలో మొదటి ఇంటికి వెళ్ళాను. రంగప్ప, నేత పని, వయసు యాభై ఎనిమిది.

ఇల్లు సందు చివర ఉంది. ముందు గది అంతా మగ్గమే. మగ్గం గుంటలో కూర్చుని ఉన్నాయన నన్ను చూసి దారం మోసే నాడె ఆపాడు. ఆయన భార్య సరోజమ్మ వాకిట్లో నూలు చుడుతోంది. షంషాద్ అనే మనిషి ఇక్కడికి వచ్చిందా అని అడిగాను. రాలేదు అంటే వెంటనే రాయించుకుందామని ముద్ర కాగితం కూడా బయటికి తీశాను.

“యాల రాలేదు?” అంది సరోజమ్మ. “పొద్దన్నే వచ్చి మాపటిదాకా ఈడే కూసునింది. రెండు సార్లు టీ తాగింది. మా ఆయన మాట్లాడేదానికి మొదలుపెడితే నేనే లేచి పోతా, ఆ యమ్మ మాత్రం లేయలేదు.”

నా ప్రశ్న రంగప్పకు గుర్తుంది. అందరూ అలాగే గుర్తుపెట్టుకుంటారని తర్వాత తెలిసింది.

“పనిలో నైపుణ్యం లేకపోవడం అని ఒగటి రాసినారు సూడు మేడమ్, అది ఎవురు రాసినారు?” అని అడిగాడు.

పైవాళ్ళు రాశారన్నాను.

“రొంత లోపలికి వచ్చి కూసోమ్మా,” అన్నాడు.

చెప్పులు విడిచి గుంటలో కాళ్ళు పెట్టి కూర్చున్నాను. కింద రెండు పలకలు కాళ్ళతో తొక్కాలి, చేత్తో తాడు లాగితే నాడె ఇటునుంచి అటు పోవాలి, రెండో చేత్తో ఆ దారం బిగిసేలా దెబ్బ వేయాలి. చెప్తే ఇంతే. మొదటి సారి నాడె కదలలేదు. రెండోసారి గట్టిగా లాగితే అది ఎగిరి గోడకు తగిలింది. మూడోసారి పడుగు దారాలు ఏవో పుటుక్కుమన్నాయి. సరోజమ్మ నూలు వదిలి లేచి వచ్చి, నా పక్కన వంగి, తెగిన దారాలు ఒక్కొక్కటి వెతికి ముడి వేయడం మొదలుపెట్టింది. ఆ పని ముప్పావుగంట పట్టింది. ఆ ముప్పావుగంటా నేను కుర్చీలో కూర్చుని గోడకున్న క్యాలెండరు చదివాను.

“దీన్ని తొమ్మిదేండ్ల వయసులో పట్టుకున్నా,” అన్నాడు రంగప్ప. “నాకు పని రాదని రాయమంటావా? నూలు కొనేటప్పుడు ధర షావుకార్లు చెప్తారు. చీర అమ్మేటప్పుడు ధర గూడా వాళ్ళే చెప్తారు. నేను నేసిన పూవునే మిషన్ల మీద నేసి, సగం ధరకు నాకంటే ముందే అంగట్లో పెడతారు. దీనికి మీ దాంట్లో గడి యాడుండాది?”

లేదని ఒప్పుకున్నాను. ముద్ర కాగితం మడిచి సంచిలో పెట్టుకున్నాను. వచ్చేటప్పుడు సరోజమ్మ, “ఆ దారాల గురించి మనసులో పెట్టుకోవద్దు,” అంది. ఇప్పటికీ పెట్టుకునే ఉన్నాను.

నాలుగున్నరకు ఆదోని చేరాను. బస్టాండు ఎదురుగా లాడ్జిలో గది తీసుకున్నాను. గది శుభ్రంగానే ఉంది, కిటికీ మాత్రం తెరుచుకోదు. కుర్రాళ్ళు కోట చూడటానికి వచ్చి పేర్లు రాసి పోతారని గోడలకు కొత్తగా రంగు వేయించామని మేనేజరు చెప్పాడు. వీధిలో పత్తి లారీలు వరుసగా పోతున్నాయి. పత్తి పోచలు గాల్లో తేలుతూ చెట్లకు, కరెంటు తీగలకు, మిఠాయి అంగడిలో జిలేబీలకు అంటుకుంటున్నాయి. అంగట్లో ఒకాయన ఉర్దూలో బేరం మొదలుపెట్టి, కన్నడంలో తిట్టి, తెలుగులో డబ్బిచ్చి వెళ్ళాడు. ఊళ్ళో ఇంత సరుకు, ఇంత బంగారం ఉంటే పేదరికం మీద సర్వేకు ఈ ఊరెందుకు ఎంచుకున్నారా అనిపించింది. మర్నాడు అర్థమైంది.

బుధవారం పొద్దున ఏడింటికి, నేను పిలవకుండానే, షంషాద్ లాడ్జికి వచ్చింది. నలభై అయిదేళ్ళుంటాయి. నల్ల బురఖా, భుజానికి గుడ్డసంచి. భర్త పత్తి మిల్లులో పని చేస్తాడు. ఈమె ఇంట్లో జాకెట్లు కుడుతుంది, సర్వేలు ఉన్నప్పుడు ఊళ్ళు తిరుగుతుంది. ఇంటరు దాకా చదివింది. కుర్చీ చూపిస్తే కూర్చోలేదు.

“నన్ను పట్టుకునేదానికి వచ్చినారని నాకు తెలుసు మేడమ్,” అంది. “నిన్న రంగప్పన్న ఫోన్ చేసినాడు. బయటోళ్ళు దిగేది ఈ లాడ్జిలోనే. దారాలు తెంపినారంట గదా.”

“టిఫిన్ చేద్దాం రండి,” అన్నాను.

పక్క సందులో ఉగ్గాని, మిరపకాయ బజ్జీ. ఉగ్గాని అంటే నానబెట్టి తాళింపు వేసిన మరమరాలు. ఒక ప్లేటు తిని, సిగ్గుపడకుండా రెండోది చెప్పాను. ప్లేటు ముందుకొచ్చాక షంషాద్ కూర్చుంది. సంచిలోంచి లావుపాటి నోటుబుక్కు తీసి బల్ల మీద పెట్టింది. అట్ట మీద ఎవరో బడిపిల్లది పేరు రాసి కొట్టేసి ఉంది.

“ఇదే ‘విడిగా ఉంది’. మీ గీత ఇంత ఉండాది,” అని చూపుడువేలి గోరు చూపించింది. “వాళ్ళేమో గంటలు గంటలు చెప్తారు. గడిలో పట్టకపోతే యాడ రాయాల? మా సూపర్‌వైజరన్నకు చెప్పినా. దీనికి కాగితంలో కాలమ్ లేదు, పంపొద్దు అన్నాడు. సరే, అడిగే వాళ్ళు వస్తే ఇద్దామని దాచిపెట్టినా.”

నూనె చేతులు తుడుచుకుని చదవడం మొదలుపెట్టాను. గుండ్రని చేతిరాత. ఇంటికో పేజీ, కొన్నిళ్ళకు రెండు.

ఒక ఇంటి కింద ఇలా ఉంది: ‘బోరు మూడు సార్లు వేసినారు. మూడుసార్లూ దుమ్ము వచ్చింది.’ ఇంకో ఇంటి కింద: ‘మొగుడు తాగుతాడు. అయితే తాగేది నేర్చుకున్నది పత్తి పోయిన యాడాది. ముందు ఏది అని కాగితంలో అడగలేదు.’ మరొకచోట: ‘భార్యకు ఆపరేషన్. ఎద్దులు అమ్మినారు. ఎద్దులు లేవని కౌలుకు పొలం ఇయ్యలేదు.’ ఒక ముసలాయన జవాబు మాటకు మాట రాసింది: ‘మా నాయన పేదోడు. నేను ఆయన కొడుకుని. ఇంకేం కారణం కావాల?’

ఆఫీసులో మేం రాసే నివేదికలన్నీ ఏ పుణ్యానికో నేనే చదువుతాను. వాటిలో ఒక్కదాన్ని కూడా చివరిదాకా చదవాలనిపించలేదు. ఈ నోటుబుక్కు చదువుతూ ఉగ్గాని చల్లారబెట్టుకున్నాను. ఇది ఇంట్లో కూర్చుని నింపింది కాదని తేలిపోయింది. నా పని అక్కడితో అయిపోయింది, సాయంత్రం రైలు దాకా కోట చూసుకోవచ్చు. నాలుగిళ్ళు చూడమని పంపారని, ఇక అక్కర్లేదని షంషాద్‌కు చెప్పాను.

“నాలుగిళ్ళు సూడమన్నారు గదా,” అంది షంషాద్. “ఒగటే సూసినారు. ఇంగో ఊరికి పోదాం పాండి. ఈ పొద్దే పోవాల. రేపటికి ఆడ ఎవరూ ఉండరు.”

ఎనిమిదింపావుకు షేరాటో ఎక్కాం. ఎమ్మిగనూరు రోడ్డు మీద కొంత దూరం పోయి, పక్కకు తిరిగి, మట్టిదారిలో దింపింది. ఆ ఊరి పేరు రాయను. రాయొద్దని అక్కడి హెడ్మాస్టరు అడిగాడు, ఎందుకో చదివితే తెలుస్తుంది.

ఊరి నడుమ ఒక టెంపో నిలబడి ఉంది. దాని మీద బొంతలు, బియ్యం మూటలు, బిందెలు, కట్టేసిన కోళ్ళు. చుట్టూ ఆడవాళ్ళు, మగవాళ్ళు, పిల్లలు. ఆ వైపు దీన్ని సుగ్గి అంటారు. ఊళ్ళో పని అయిపోగానే కుటుంబాలు కుటుంబాలే గుంటూరు వైపు పత్తి తీయడానికి, మిరపకాయలు కోయడానికి పోతాయి, ఎండలు ముదిరాక తిరిగొస్తాయి. నేను ‘కాలానుగుణ వలస’ అని ఎన్నోసార్లు రాశాను. దాని మీద కోళ్ళు ఉంటాయని తెలియదు.

షంషాద్‌ను చూడగానే ఉలిగమ్మ అనే ముసలావిడ పలకరించింది. ఆమె సుగ్గికి పోయే వయసు దాటిపోయి ఊళ్ళోనే ఉండిపోతోంది.

“ఏం షంషాదూ, మళ్ళా అడిగేదానికి వచ్చినావా? నేను ఆలోచన చేసి పెట్టినా. అడిగేదానికి వచ్చేటోళ్ళు ఎక్కువైనారు, అదీ కారణం. ఒగ్గొక్కరికి జవాబు చెప్పే కాడికి పొద్దు పోతాంది, ఇంగ పనికి ఎప్పుడు పోవాల?”

అందరూ నవ్వారు. నేనూ నవ్వాను. నవ్వకపోతే ఆ మాట నా మీదే అని తెలిసిపోతుంది.

టెంపో పక్కన లక్ష్మి అనే ఆమె చంకలో చంటివాణ్ణి పెట్టుకుని మూట ఎక్కిస్తోంది. ముప్పై ఏళ్ళుంటాయి. ఆమె కూతుళ్ళు ఇద్దరు పక్కన నిలబడ్డారు. పెద్దది ఏడో తరగతి, దాని చేతిలో బడిసంచి ఉంది. సుగ్గిలో బడిసంచి ఎందుకని అడిగాను.

“తెచ్చుకుంటా అనింది. తెచ్చుకోనీ, బట్టలు పెట్టేదానికి పనికొస్తాది,” అంది లక్ష్మి. తర్వాత నా ముఖం చూసి, “నాకు మాత్రం ఆశా ఏమిటి మేడమ్, దాన్ని తీసుకపోవాలని? ఈడ బళ్ళోనే హాస్టలు పెడతారు అన్నారు. పెట్టలేదు. ఆడపిల్లోళ్ళను ఎవరింట్లో పెట్టి పోవాల?”

షంషాద్ నన్ను బడికి లాక్కుపోయింది. హెడ్మాస్టరు వరండాలో నిలబడి టెంపో వైపే చూస్తున్నాడు. వలసపోయే వాళ్ళ పిల్లలకు బళ్ళోనే ఉండి తినే ఏర్పాటు ప్రతి ఏడూ ఉంటుందట. ఈసారి ఎందుకు లేదంటే, తెలిసిందే, కాగితం.

“తల్లిదండ్రులు వలస పోయినట్టు జాబితా పంపితే మంజూరు చేస్తారు. పోకముందే పోయినారని ఎట్ల రాయాల? పోయినాక రాద్దామంటే పిల్లోళ్ళు గూడా వాళ్ళతోనే పోయింటారు. లేని పిల్లోళ్ళకు హాస్టలు ఎవరిస్తారు మేడమ్?” అన్నాడాయన. కోపంగా కాదు, వాతావరణం గురించి చెప్పినట్టు చెప్పాడు.

“దీనికి దారే లేదా?”

ఆయన లోపలికి వెళ్ళి సొరుగులోంచి ఒక ఉత్తర్వు తెచ్చాడు. చివరి పేజీలో ఒక వాక్యం మీద ఎర్ర గీత గీసుకుని ఉన్నాడు. బయటి సంస్థ ఏదైనా ఇల్లిల్లూ తిరిగి చేసిన సర్వే ఉంటే, వలస పోబోయే కుటుంబాల పిల్లల్ని ముందుగానే చేర్చుకోవచ్చు. “అట్లాంటి సర్వే ఎవరు చేస్తారులే అని గీత గీసి పెట్టుకున్నా,” అన్నాడు.

షంషాద్ నోటుబుక్కు తెరిచింది. ప్రతి ఇంటి పేజీ కిందా రాసి ఉంది: ఎప్పుడు పోతారు, ఎక్కడికి, వెంట ఎవరు, పిల్లల పేర్లు, తరగతులు. ఏ గడిలోనూ లేని సంగతులు. ఇది ఎందుకు రాశావని అడిగితే, “వాళ్ళు చెప్పినారు, నేను రాసినా,” అంది.

“ముద్ర కావాల,” అన్నాడు హెడ్మాస్టరు.

నా సంచిలో నాలుగు ముద్ర కాగితాలు ఉన్నాయి. వాటి మీద షంషాద్ దొంగ అని రాయించుకుని రావాలి. ఒక్క నిమిషం నా ఉద్యోగం గురించి, ఇంటి కిస్తీల గురించి ఆలోచించాను. ఈ మాట దాచి ధైర్యవంతురాలిలా రాసుకోవచ్చు, కానీ ఆలోచించిన మాట నిజం. తర్వాత బల్ల ముందు కూర్చున్నాను. షంషాద్ చదువుతుంటే నేను రాశాను. మూడు కాగితాలు నిండాయి, నాలుగోది కొంత ఖాళీ మిగిలింది. చివర సంతకం పెట్టి, దాని కింద ‘సర్వే అధికారి’ అని రాశాను. నేను అధికారిని కాను. మా ఆఫీసులో అటెండరు కూడా నన్ను అధికారి అనడు.

హెడ్మాస్టరు కాగితాలకు ఫోటో తీసి ఎవరికో పంపి, ఫోన్ పట్టుకుని మామిడి మొక్క చుట్టూ తిరుగుతూ పావుగంట మాట్లాడాడు. తిరిగొచ్చి, “మాపటి నుంచే మొదలుపెట్టుకోమన్నారు,” అన్నాడు. “మధ్యాన్నం బువ్వకు తెచ్చిన బియ్యం ఉండాయి. వండేవాళ్ళు కావాల.”

“నేను వండుతా,” అంది ఉలిగమ్మ. ఆమె ఎప్పుడు వెనక వచ్చి నిలబడిందో తెలియదు. “ఆ పిల్లోళ్ళకు ఏం తింటే పడదో నాకు తెలుసు.”

టెంపో దగ్గరికి పరిగెత్తాం. అప్పటికి పదకొండున్నర. హెడ్మాస్టరు సంగతి చెప్పాడు. తర్వాత పైనుంచి ఒక బొంత కింద పడింది. ఎవరో తండ్రి పైకెక్కి, తన మూట విప్పి, పిల్లల బొంత వేరు చేసి విసిరాడు. తర్వాత ఇంకోటి. గిన్నె, కంచం, స్వెట్టరు. పిల్లలు ఒక్కొక్కరే దిగుతున్నారు. ఒక తల్లి దింపిన కొడుకును మళ్ళీ ఎక్కించుకుని, ముద్దుపెట్టి, మళ్ళీ దింపింది.

కూలీలను కుదిర్చిన మేస్త్రీ నా దగ్గరికి వచ్చాడు. “పెద్ద పిల్లోళ్ళు గూడా కాయలు కోస్తారు మేడమ్. ఆడ రైతుకు ఇంతమంది అని చెప్పినా. ఇప్పుడు నేనేం చెప్పాల?”

“కారణం అడిగితే ‘ఇతరములు’ అని చెప్పు,” అంది షంషాద్.

లక్ష్మి మాత్రం కదల్లేదు. పెద్దకూతురి చెయ్యి పట్టుకుని నిలబడింది.

“ఇది లేకపోతే చంటోన్ని చేన్లో ఎవరు సూస్తారు?” అంది నన్ను చూసి. “నేను కోసేటప్పుడు గట్టు మీద పండబెట్టి పోతే కుక్కలు వస్తాయి. ఇది వస్తేనే నాకు పని. దీన్ని ఇడిసిపెట్టి చిన్నది ఉండదు.”

హెడ్మాస్టరు చేతిలోని జాబితా తీసుకుని ఆ ఇంటి పేర్లు కొట్టేశాను. పెద్దపిల్ల టెంపో ఎక్కి, బడిసంచి ఒళ్ళో పెట్టుకుని, దిగిన పిల్లల వైపు కాకుండా అవతలి వైపు చూస్తూ కూర్చుంది. పన్నెండు దాటాక టెంపో కదిలింది.

మధ్యాహ్నం షంషాద్ వాళ్ళింట్లో భోజనం. వంకాయ కూర, అన్నం. ఆమె భర్త మిల్లు నుంచి వచ్చి, నేనెవరో తెలిసి, భయంభయంగా రెండు ముద్దలు తిని వెళ్ళిపోయాడు. “మీ మీద ఏమీ లేదని రాస్తాను,” అన్నాను షంషాద్‌తో. “ఏమీ లేదని కాదక్కా, ఉండేది రాయండి,” అంది. మేడమ్ పోయి అక్క వచ్చిందని అప్పుడు గమనించాను.

సాయంత్రం రైలుకు స్టేషనుకు వచ్చి సాగనంపింది. కూర్చునే చోటు దొరికింది. ఎదురుగా రాయచూరులో దిగే పత్తి వ్యాపారి ఒకాయన ఫోనులో ఎవరికో తేమ శాతాలు చెప్తున్నాడు. కోసిగి దాటాక డైరెక్టరుగారు ఫోన్ చేశారు.

“దొరికిందా?”

“లేదండీ. ప్రతి ఇంటికీ వెళ్ళింది. జవాబులన్నీ నోటుబుక్కులో రాసింది, అది నా సంచిలో ఉంది. మన ప్రశ్నే బాగోలేదు.”

“ప్రశ్న పైనుంచి ఆమోదం పొందింది కదండీ,” అన్నారాయన. “నోటుబుక్కు ఉందంటున్నారు, అనుబంధంగా పెట్టండి. అనుబంధాలు ఎవరూ చదవరు కాబట్టి ఇబ్బంది లేదు.” షంషాద్ పేరు మాత్రం జాబితాలో ఉంటుందన్నారు. అది చాలనుకున్నాను. ముద్ర కాగితాల సంగతి ఆయన అడగలేదు, నేను చెప్పలేదు.

రెండు రోజుల్లో నేను చూసింది చెప్పుకోవాలంటే ఇంతే. ఆ వైపు బద్ధకస్తులను వెతికాను, నేను తప్ప ఎవరూ దొరకలేదు. పేదరికానికి ఒక్క కారణం ఉంటుందని, దాన్ని ఒక్క పథకంతో పీకేయొచ్చని గోవాలో ఇప్పుడు ఎవరో మైకు ముందు చెప్తూ ఉంటారు. నేను చూసిన చోట కారణాలు ఒకదానికొకటి ముడిపడి ఉన్నాయి. వానకు బోరు, బోరుకు ఎద్దులు, ఎద్దులకు ఆపరేషను, వాటన్నిటికీ ఏడో తరగతి పిల్ల. ముడి విప్పడానికి సరోజమ్మ లాంటి మనుషులు కావాలి, ఒక్కొక్క దారం వెతికేవాళ్ళు. ఒక ఎర్ర గీత, ఒక నోటుబుక్కు, వండుతానన్న ఒక ముసలావిడ, ఈ మూడూ ఒకే పూట ఒకే చోట ఉండటం వల్ల కొందరు పిల్లలు ఆ రోజు బళ్ళో ఉన్నారు. పేదరికం పోయిందని ఎవరూ అనుకోవడం లేదు. లక్ష్మి దగ్గరికి వచ్చేసరికి ఆ మాత్రం కూడా కుదరలేదు. పొలం గట్టు మీద చంటిపిల్లల్ని చూసే మనిషి ఒకరుంటే చాలని, అది ఎవరి పనో ఎవరికీ తెలియదని అనిపించింది.

మంత్రాలయం రోడ్డు స్టేషను దాటి, తుంగభద్ర వంతెన మీద రైలు మెల్లగా పోతోంది. పొద్దు వాలుతోంది. షంషాద్ ఫోన్ చేసింది.

“అక్కా, మిమ్మల్ని రైలెక్కించి నేరుగా బడికాడికి వచ్చినా. లక్ష్మి పిల్లోళ్ళు వెనక్కి వచ్చినారు.”

ఎలా అన్నాను.

“ఎమ్మిగనూరు కాడ డీజిలుకు ఆపినారంట. పెద్దది దిగి ఏమీ అడగలేదంట, బంకులో ఒగ మూల కూసుని పుస్తకం తీసి చదువుకుంటాందంట. అది సూసి వాళ్ళమ్మకు ఏమైందో ఏమో, చంటోన్ని ఈపుకు కట్టుకోని కోసుకుంటాలే అని ఇద్దర్నీ దింపేసినాదంట. సంతకు పోయిన ఈ ఊరి ఈరన్న బండి మీద ఎక్కించుకోని వచ్చినాడు. ఉలిగమ్మ బువ్వ పెడతాంది. ఇద్దరూ తింటాండారు.”

“ఇద్దరూనా?” అని గట్టిగా అన్నాను. ఎదుటి వ్యాపారి తేమ శాతాలు ఆపి నా వైపు చూశాడు.

“ఇంగో మాట అక్కా,” అంది షంషాద్, గొంతు తగ్గించి. “జాబితాలో వాళ్ళ పేర్లు మీరు కొట్టేసినారు గదా. హెడ్మాస్టరు రేపు పంపాలన్నాడు. నాలుగో కాగితంలో మీ సంతకం కింద రొంత జాగా ఉండె. ఆడ నేనే రాసేసినా, ఇద్దరి పేర్లూ. మీరు లేకుండా మీ సంతకం కింద రాసినా. తప్పేమో చెప్పండి, కొట్టేస్తా.”

“చేతిరాత నా రాతలాగే ఉందా?” అని అడిగాను.

“లేదక్కా. నాది గుండ్రంగా ఉంటాది.”

“ఉండనీ,” అన్నాను. “పిల్లలు అన్నం తిన్నాక వాళ్ళ పుట్టిన తేదీలు కూడా అడిగి పక్కన రాయండి.”